బంతి చివర కూర్చున్న బూరె

ఆ రోజుల్లో నాకు మంచులో కారు నడపడం వచ్చేది, కస్టమర్ సర్వీస్ వాళ్ళతో ఫోన్‌లో గంటసేపు దెబ్బలాడటం వచ్చేది, ఏ ఇండియన్ షాపులో బెండకాయలు ఏ రోజు లేతగా దొరుకుతాయో కూడా తెలిసేది. ఒక్క 'నో' అనడం మాత్రం వచ్చేది కాదు. మనవైపు పెద్దవాళ్ళు ఏదైనా అడిగితే ముందు తలూపేసి, తర్వాత ఇంటికెళ్ళి తల పట్టుకుంటాం చూడండి, ఆ విద్యలో నేను అప్పటికే మాస్టర్స్ చేసేశాను. అసలు మాస్టర్స్ కూడా అప్పుడే అయింది. మిచిగన్‌లోని ట్రాయ్‌లో కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో మొదటి ఉద్యోగం, ఇంకా స్టూడెంట్ వీసా మీదే నడుస్తున్న బతుకు. మా మేనేజర్ తుమ్మితే 'బ్లెస్ యూ' అందరికన్నా ముందు నేనే చెప్పాలి అన్నంత భయభక్తులతో ఉండేదాన్ని. అలాంటి మేనేజర్ ఒకరోజు కాఫీ మెషీన్ దగ్గర ఆగి, "డు యూ లైక్ డాగ్స్?" అని అడిగాడు. మేనేజర్ అడిగాక ఇష్టం లేదనడానికి మనమెవరం? "యస్, వెరీ మచ్" అన్నాను. అంతటితో ఊరుకోకుండా మా ఇంట్లో కూడా కుక్క ఉండేదని చెప్పాను. (ఉండేది. మా ఇంట్లో కాదు, మా సందులో. గేటు ఇవతల నిలబడి నేను బిస్కెట్లు విసిరేదాన్ని, అది అవతల నిలబడి తినేది. మా పరిచయం అంతే.) ఆ శుక్రవారం సాయంత్రం పార్కింగ్ లాట్‌లో ఆయన తన ట్రక్ వెనక తలుపు తెరిచి, ఒక అట్టపెట్టెను జాగ్రత్తగా నా చేతుల్లో పెట్టాడు. అందులోంచి రెండు కళ్ళు, ఒక తడిముక్కు నన్ను చూశాయి. "ట్రై హర్ ఫర్ ది వీకెండ్. నచ్చకపోతే మండే తీసుకొచ్చెయ్" అన్నాడు నవ్వుతూ. ఈ దేశంలో ఆ మాటకి అర్థం నిజంగా అదేనని, తిరిగిచ్చేస్తే ఎవరూ ఏమీ అనుకోరని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం మేనేజర్ ఇచ్చింది తిరిగివ్వడమంటే ఉద్యోగం కూడా దానితోపాటే పెట్టెలో పెట్టి ఇచ్చేయడమే అనుకున్నాను.

నేను అప్పట్లో నోవైలో బాబాయ్ వాళ్ళింట్లో ఉండేదాన్ని. నాన్నకి పిన్నికొడుకు, వరసకి బాబాయ్. వాళ్ళమ్మాయి కాలేజీకి వెళ్ళడంతో ఖాళీ అయిన గది నాకిచ్చారు. "ఉద్యోగం కుదురుకున్నాక వేరే చూసుకుంటాను పిన్నీ" అని నేను మొదలుపెడితే, "ముందు ఆ చారులో నెయ్యి వేసుకో" అని పిన్ని మాట తప్పించేది. వాళ్ళు నాకు చేసింది ఈ జన్మలో మర్చిపోను, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇకపై వాళ్ళని కాస్త ఆటపట్టించబోతున్నాను. బాబాయ్ కార్లకి బ్రేకులు డిజైన్ చేసే ఇంజనీరు. స్వభావం కూడా అదే. ఎవరైనా ఉత్సాహంగా ఏదైనా మొదలుపెడితే ఎక్కడ ఆపాలో ఆయనకి తెలుసు. అప్పుడే కొత్తిల్లు కొన్నారు. ఆ ఇంట్లో ఆయనకి ప్రాణంతో సమానమైంది హాల్లో ఉన్న మీగడరంగు కార్పెట్. వాక్యూమ్ చేశాక పడే చారలు చెరిగిపోతాయని ఆయన గోడవారగా నడిచేవాడు. సోఫాలో కూర్చోవాలంటే మేమంతా ఇంటి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు చేసి కూర్చునేవాళ్ళం.

అలాంటి ఇంట్లోకి నేను అట్టపెట్టెతో అడుగుపెట్టాను. "ఇదేంటి తల్లీ?" అన్నాడు బాబాయ్. "కుక్కపిల్ల బాబాయ్." "అది కనిపిస్తూనే ఉంది. ఎవరిది?" "మనదే. మా మేనేజర్ ఇచ్చాడు" అన్నాను గొంతు తగ్గించి. ఆ 'మన' వినగానే ఆయన చూపు నా మీంచి కార్పెట్ మీదికి వెళ్ళిపోయింది. ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డ మనిషిలా అయిపోయాడు పాపం. పిన్ని వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, పెట్టెలోకి తొంగిచూసి, ఎవరిదని గానీ ఎందుకని గానీ అడగలేదు. "దానికేమైనా పెట్టావా లేదా ముందు?" అంది. పిల్ల గుండ్రంగా, బంగారురంగులో, అప్పుడే మూకుట్లోంచి తీసినట్టు ఉందని దానికి 'బూరె' అని పేరు కూడా పెట్టేసింది. పిన్నిది గోదావరి వైపు, అక్కడ ప్రేమ పొంగితే పిండివంటల పేర్లే వస్తాయి. పేరు పెట్టాక ఇక పంపడం కష్టమని బాబాయ్‌కి అర్థమైపోయింది. అందుకని బ్రేకు వేశాడు. "చూడు తల్లీ, వచ్చే నెల మనింట్లో సత్యనారాయణ వ్రతం. మనవాళ్ళందరూ వస్తారు. ఆ రోజు దీని బిహేవియర్ చూస్తాను. ఎవరి మీదికి ఎగిరినా, కార్పెట్ మీద ఒక్క చుక్క పడినా, సోమవారం నీతోపాటు ఆఫీస్‌కి వెళ్ళిపోతుంది. మళ్ళీ 'ప్లీజ్ బాబాయ్' అనకూడదు. డీల్?" నా పాత జబ్బు ఊరుకుంటుందా? "డీల్" అన్నాను.

అన్న రెండు రోజులకే ఎంత పొరపాటు చేశానో తెలిసింది. ఎందుకంటే ఆ రెండు రోజుల్లోనే అది నా పాదాల మీద తల పెట్టుకుని నిద్రపోవడం నేర్చుకుంది. మిచిగన్‌లో నా మొదటి చలికాలం అది. సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చేసరికే చీకటి, రోడ్డు మీద మనిషి కనపడడు, పిన్నీ బాబాయ్ ఎంత బాగా చూసుకున్నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటే ఏదో దిగులు. ఆ దిగులు ఎప్పుడు పోయిందో నాకు తెలియదు గానీ, ఎవరి వల్ల పోయిందో తెలుసు. దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టి పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళడం నా వల్ల కాదు. కాబట్టి వ్రతంలోపు బూరెను బుద్ధిమంతురాలిని చేసి తీరాలి. వెంటనే శనివారాలు జరిగే కుక్కపిల్లల క్లాసులో చేరిపోయాం.

అక్కడి ట్రైనరమ్మ మిలిటరీలో పనిచేసి వచ్చినట్టుండేది. నడుముకి చిన్న సంచీ, అందులో వాసనొచ్చే ముక్కలు. నాకూ ఒకటి కట్టించింది. ఆవిడ సూత్రాలు నిజానికి చాలా సులువు. కుక్క కూర్చోవాలి, కూర్చున్న క్షణంలో ముక్క ఇవ్వాలి. కూర్చోకపోతే లేదు. ఏడిస్తే పట్టించుకోకూడదు. మీదికి ఎగిరితే వీపు తిప్పి నిలబడాలి. మనం తినే చోట, మనం తినేటప్పుడు చచ్చినా పెట్టకూడదు. ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించాలి. ఆ చివరి సూత్రం దగ్గరే నాకు గుండె జారింది. ఇంటికొచ్చి పిన్నికి అంతా వివరంగా చెప్పాను. ఆవిడ బూరెను ఒళ్ళో పెట్టుకుని ఓపిగ్గా విని, "కూర్చుంటేనే పెడతాననడానికి ఇదేవన్నా జైలా ఏంటే?" అంది. "మనింటికి ఎవరైనా వస్తే ముందు పెడతాం. తర్వాత ఏం పని మీద వచ్చారండీ అని అడుగుతాం. కడుపు నిండినోళ్ళే మాట వింటారు. చూడు కావాలంటే." చూపించింది కూడా. గిన్నెడు ఉప్పులేని పెరుగన్నం ముందు పెట్టి, అది ఖాళీ అయ్యాక, "ఇప్పుడు కూర్చో తల్లీ" అంది. బూరె ఒకసారి ఆవలించి, ఉన్నచోటే వాలి నిద్రపోయింది. "చూశావా! కూర్చోమంటే ఏకంగా పడుకుంది. చెప్పినదానికన్నా ఎక్కువే చేసింది" అని పిన్ని మురిసిపోయింది.

ఏడిస్తే పట్టించుకోకూడదన్న సూత్రం గతి అంతకన్నా అన్యాయం. బూరె 'కుయ్' అంటే చాలు, "ఆకలేమోనే" అనేది పిన్ని. అరిస్తే ఆకలి, మూలిగితే ఆకలి, సోఫా కాలు కొరికితే మరీ ఆకలి. నాలుగు రోజులు పోయేసరికి బూరెకి లోకరీతి అర్థమైపోయింది. ఈ ఇంట్లో నోరున్నదానికి అన్నం ఉంటుంది. నేను వీపు తిప్పి నిలబడితే అది వెళ్ళి పిన్ని ముందు నిలబడి అరిచేది. "ఏడిచే పిల్లకి వీపు చూపించడం మా పుట్టింట్లో లేదు, మెట్టినింట్లోనూ లేదు" అని పిన్ని నా సంచీ వైపు జాలిగా చూసేది. ఇక బయటికి తీసుకెళ్ళే పని పూర్తిగా నాది. పొద్దున్నే బాబాయ్ పాత ఓవర్‌కోటు తొడుక్కుని, మోకాళ్ళ లోతు మంచులో నిలబడి, "కానియ్యి తల్లీ, మా అమ్మ కదూ, నాకు మీటింగ్ ఉంది" అని బతిమాలేదాన్ని. పని అయిన వెంటనే ఉత్సాహంగా పొగడాలని ట్రైనరమ్మ ఆజ్ఞ. అందుకని గాల్లోకి ఎగిరి, చప్పట్లు కొట్టి, "శభాష్! బంగారు కొండ!" అని కేకలు పెట్టేదాన్ని. పక్కింటి అమెరికన్ తాతగారు తన వాకిట్లో మంచు ఎత్తుతూ ఆగిపోయి చూసేవాడు. మూడోసారో నాలుగోసారో ఆయన కూడా పార పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. ఆ వీధిలో నాకు మొట్టమొదట దొరికిన స్నేహితుడు ఆయనే. అదీ బూరె పుణ్యమే.

బాబాయ్ మాత్రం బూరెతో మాట్లాడేవాడు కాదు. హాలు చుట్టూ కార్పెట్ అంచున నీలంరంగు టేపు అంటించి, "ఇది బోర్డర్" అని నాకు చెప్పాడు (దానికి నేను చెప్పాలట). వారంలో సగం రోజులు ఆయనకి ఇంటి నుంచే పని. ఆఫీస్ గది ఇంకా తయారవలేదని డైనింగ్ టేబుల్ ఆక్రమించి, రెండు మానిటర్లు, తీగలు, బ్రేకుల నమూనాలు పరిచేశాడు. దాంతో మా భోజనాలు వంటింటి నేల మీదికి దిగాయి. పాత దుప్పటి ఒకటి మడిచి పరిచి, ముగ్గురం వరసగా కూర్చునేవాళ్ళం. పిన్నికి నేల మీద వడ్డన అంటే మళ్ళీ పుట్టింటికెళ్ళినంత హుషారు. అందరూ కూర్చుంటేగానీ వడ్డించేది కాదు, అన్నీ వడ్డించి, తనూ కూర్చుని, "ఇక కానివ్వండి" అంటేగానీ ఎవరూ ముద్ద ముట్టకూడదు. ఆ వరస చివర ఒక చిన్న స్టీలు పళ్ళెం బూరెకి. "మనం తినేచోట పెట్టకూడదని చెప్పారు పిన్నీ!" అని నేను మొత్తుకుంటే, "నువ్వు తింటుంటే అది చూస్తూ ఊరుకోవాలా? దిష్టి తగిలి నీకే కడుపునొప్పి వస్తుంది" అనేది. ట్రైనరమ్మ చెప్పిన ప్రతి సూత్రాన్నీ మేము రోజుకి రెండుపూటలా, శాస్త్రోక్తంగా ఉల్లంఘించాం. ఫలితం ఆఖరి క్లాసులో కనపడింది. మిగతా కుక్కలన్నీ చెయ్యి ఎత్తగానే కూర్చుంటే, మా బూరె నేరుగా ట్రైనరమ్మ సంచీ దగ్గరికి వెళ్ళి అరిచింది. "సమ్ డాగ్స్ నీడ్ మోర్ టైమ్" అని ఆవిడ నా భుజం తట్టి, పాల్గొన్నందుకు ఇచ్చే రిబ్బన్ ఇచ్చింది. కారులో కూర్చుని ఆ రిబ్బన్ చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. వ్రతం మర్నాడే.

ఆదివారం పొద్దున్నించే ఇల్లు నేతివాసనతో నిండిపోయింది. గరాజ్‌లో చెప్పులు గుట్టలుగా పడ్డాయి, హాలంతా పట్టుచీరలు, పిల్లల గోల. కార్పెట్ మీద ప్లాస్టిక్ షీట్లు పరిచి, అవి సరిపోని చోట బాబాయ్ తనే కాపలా నిలబడ్డాడు. బూరెను లాండ్రీ గదిలో పెట్టి, తలుపు వేసి, లోపల నా పాత స్వెట్టర్ పడేశాను. పూజయ్యేదాకా అది కిక్కురుమనలేదు. ప్రసాదాలయ్యాయి, భోజనాలకి పెద్దవాళ్ళని ముందు కూర్చోబెట్టారు. అద్దెకి తెచ్చిన టేబుళ్ళు చాలక, "ఏవండీ, బంతి వేసేద్దామండీ, ఆ సరదా మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని పిన్ని హాల్లోనే విస్తళ్ళు వేయించింది. నేను సాంబారు బకెట్ పట్టుకుని వంటింట్లోంచి వస్తున్నాను. సరిగ్గా అప్పుడే బాత్రూమ్ ఎక్కడో తెలియక వెతుక్కుంటున్న ఒక అంకుల్ లాండ్రీ గది తలుపు తెరిచాడు.

బంగారురంగు మెరుపొకటి ఆయన కాళ్ళ మధ్యనుంచి దూసుకొచ్చింది. నీలం టేపు దాటేసింది. ఒకావిడ కెవ్వుమని కాళ్ళు పైకి లాక్కుంది. "పూజ జరిగిన ఇంట్లో కుక్కేంటమ్మా!" అని ఎవరో అన్నారు. నా చేతిలో బకెట్ ఉంది, దించడానికి చోటు లేదు, కదిలితే సాంబారు కార్పెట్ మీద పడుతుంది. అలాగే కొయ్యబారిపోయి నిలబడ్డాను. బాబాయ్ ముఖం వైపు చూడలేకపోయాను. సోమవారం పొద్దున పార్కింగ్ లాట్, అట్టపెట్టె, మేనేజర్ నవ్వు అన్నీ కళ్ళముందు కదిలాయి. బూరె హాలు మధ్యలో ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది. గోడవారగా వరసగా నేలమీద కూర్చున్న మనుషుల్ని, వాళ్ళ ముందున్న విస్తళ్ళని చూసింది. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, ఒక్కరి మీదా ఎగరకుండా, ఆ వరస పొడుగునా నడుచుకుంటూ వెళ్ళి, చివర కూర్చున్న పంతులుగారి పక్కన జాగా చూసుకుని, తోక సర్దుకుని, బుద్ధిగా కూర్చుంది. దాని ముందు ఎవరికోసమో వేసిన ఖాళీ విస్తరి ఉంది. పక్కన పంతులుగారి విస్తట్లో పులిహోర, పప్పు, అసలుసిసలు బూరెలు వేడివేడిగా ఉన్నాయి. మూతి చాస్తే అందుతాయి. అది ముట్టుకోలేదు. తలెత్తి వంటింటి వైపు, పిన్ని కోసం చూస్తూ కూర్చుంది.

పిన్ని పెరుగు గిన్నెతో వచ్చి, ఆ దృశ్యం చూసి, ఏమీ కానట్టే అంది: "బంతిలో కూర్చున్నాక వడ్డించకుండా వెళ్ళడం మంచిది కాదండీ. ఏవండీ, దాని పళ్ళెం ఇలా తెండి." బాబాయ్ గోడవారగా వెళ్ళి స్టీలు పళ్ళెం తెచ్చాడు. పిన్ని పెరుగన్నం పెట్టింది. బూరె అప్పటికీ ముట్టలేదు. మూతి నుంచి లాలాజలం తీగలా సాగుతోంది గానీ తల వంచలేదు. చివరి విస్తరిదాకా వడ్డన అయ్యాక, పిన్ని నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఇక కానివ్వండి" అంది. అప్పుడు మొదలుపెట్టింది, అందరితోపాటు. పంతులుగారు పకపకా నవ్వి, "మా మనవడికన్నా నయమమ్మా, వాడు నైవేద్యం పెట్టకముందే లడ్డూ తింటాడు" అన్నారు. కెవ్వుమన్న ఆవిడే ఫోన్ తీసి వీడియో పట్టింది. నేను నెలరోజులు సంచీ కట్టుకుని నేర్పలేనిది, మేము ముగ్గురం ఏదో నేర్పుతున్నామని తెలియకుండానే నేర్పేశాం. నా కళ్ళు తడిశాయి. సాంబారు ఘాటు అని చెప్పాను.

కథ ఇక్కడితో ఆగిపోతే బూరె గొప్పతనమే మిగిలేది. కానీ భోజనాలయ్యాక అందరూ దాన్ని ముద్దు చేయడం మొదలుపెట్టారు, పిల్లలు దాని చుట్టూ చేరారు. పొగడ్త ఎక్కువైతే మనుషులకే కాళ్ళు నేలమీద నిలవవు, అది నెలల పిల్ల. సంతోషం పట్టలేక గిరగిరా తిరిగి, పరుగున వెళ్ళి బాబాయ్ కాళ్ళ దగ్గర, సరిగ్గా ప్లాస్టిక్ షీటు లేని చోట, మీగడరంగు కార్పెట్ మీద కానిచ్చేసింది. నేను చూశాను. బాబాయ్ చూశాడు. ఇంకెవరూ చూడలేదు. డీల్ అంటే డీలే, ఒక్క చుక్క అన్నాడు, ఇది చుక్క కూడా కాదు. నేను 'ప్లీజ్ బాబాయ్' అనకూడదు కాబట్టి నోరు మూసుకుని నిలబడ్డాను. బాబాయ్ ఆ తడి వైపు చూశాడు, తోకూపుతున్న బూరె వైపు చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు. చేతిలో ఉన్న మంచినీళ్ళ గ్లాసుని నెమ్మదిగా, తొణక్కుండా, ఆ తడి మీదే పూర్తిగా వంపేశాడు. "అలా చూస్తావేంటి తల్లీ, టవల్ పట్రా. నీళ్ళు ఒలికాయి" అన్నాడు గట్టిగా, హాలంతా వినపడేలా. నేను టవల్ తెచ్చేసరికి ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు, బూరె ఆయన చెవి నాకుతోంది. ఆయన వద్దనలేదు.

తర్వాత నాకు ప్లేనోలో మంచి ఉద్యోగం వచ్చింది. వెళ్ళేరోజు బాబాయ్ నా సూట్‌కేసులన్నీ కారులో సర్ది, బూరె దుప్పటి, స్టీలు పళ్ళెం కూడా పెట్టి, కాసేపు నిలబడి, మళ్ళీ ఆ రెండూ బయటికి తీశాడు. "అక్కడ ఎండలు తల్లీ, దీనికి మంచు అలవాటు. అయినా దీని ట్రైనింగ్ ఇంకా పూర్తవలేదు కదా. పూర్తయ్యాక నేనే డ్రైవ్ చేసుకుని తెచ్చిస్తాను. డీల్?" పిన్ని తలుపు చాటున కళ్ళొత్తుకుంటోంది. అయినా అన్నాను, "డీల్" అని. జీవితంలో ఒక్కసారైనా 'నో' అనాలనిపించింది అప్పుడే, అనకపోయినందుకు సంతోషించిందీ అప్పుడే. ఆ ట్రైనింగ్ ఈ రోజుకీ పూర్తి కాలేదు. మొన్న వీడియో కాల్‌లో చూశాను. బూరె ఒళ్ళు చేసి, హాలు మధ్యలో కార్పెట్ మీద కాళ్ళు బారజాపి నిద్రపోతోంది. దానికి మెలకువ వస్తుందేమోనని బాబాయ్ గోడవారగా నడుస్తున్నాడు.

నాకిప్పుడు 'నో' అనడం వచ్చు. మీటింగుల్లో అంటాను, ఫోన్‌లో అంటాను, బాగానే అంటాను. కిందటి వారం మా ఆఫీస్‌లో కాఫీ మెషీన్ దగ్గర, కొత్తగా చేరిన మన తెలుగమ్మాయిని వాళ్ళ మేనేజర్ ఆపి, "డు యూ లైక్ క్యాట్స్?" అని అడుగుతోంది. ఆ పిల్ల బెదురుకళ్ళతో, "యస్, వెరీ మచ్" అంది. వెళ్ళి ఆపుదామని నోరు తెరిచాను. పిన్ని, బాబాయ్, పక్కింటి తాతగారి చప్పట్లు గుర్తొచ్చి, కాఫీ కప్పు తీసుకుని నవ్వుకుంటూ నా సీటుకి వచ్చేశాను.